బెంగుళూరు నించి హైదరాబాదుకు ఒక వక్కాకు

మా ఊరి పేరు ఊటపల్లె. ఆ పేరు పెట్టినవాడు ఆశపోతయినా అయ్యుండాలి, ఎగతాళి మనిషైనా అయ్యుండాలి. ఊట ఉండేది ఆ పేరులో ఒక్కచోటే. సోమందేపల్లె దగ్గర పెద్ద రోడ్డు దిగి పడమటికి నడిస్తే, గుండ్లూ తంగేడు పొదలూ దాటినాక మా ఊరు వస్తుంది. ఎంత దూరమని అడిగితే ఎవరూ మైళ్ళలో చెప్పరు. "ఒక వక్కాకు" అంటారు. ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, పొగాకు తుంచి నోట్లో వేసుకుంటే, అది నమిలి ఊసేలోపల చేరుతావని అర్థం. ఎవరి నోరు అని మాత్రం అడగకూడదు. అడిగితే కొలత చెడిపోతుంది.

ఊర్లో ఈ కొలతకు ఆధారం మా మామ బయ్యన్న నోరు. మా అమ్మకు అన్న. నేను పెరిగింది ఆయన ఇంట్లోనే. మెట్ట భూమి, శెనక్కాయ పంట. వానొస్తే రైతు, రాకపోతే రాజకీయ నాయకుడు. మా తావున వానలు ఏ మాత్రం పడతాయో తెలిసినవాళ్ళకు, ఆయన ఏ పనిలో ఎక్కువ కాలం గడిపినాడో వేరే చెప్పనక్కరలేదు. తాను ఎప్పుడూ ఎన్నికల్లో నిలబడలేదు. నిలబడిన ప్రతివాడి వెనకాలా నిలబడినాడు. గెలిచినవాడి వెనకాలే ఉన్నానని ప్రతిసారీ ధైర్యంగా చెప్పుకునేదానికి అది మంచి ఏర్పాటు.

కుడి చెంపలో ముద్ద పెట్టినాడంటే, మామూలు మనుషుల వక్కాకులు రెండు మూడు అయిపోయినా ఆయనది అయిపోదు. ఏ పెద్ద పనికైనా ముందు ఆకు మడవాల్సిందే. పెండ్లి మాటలకైనా, గట్టు తగాదాకైనా, తాసిల్దారు ముందర నిలబడేదానికైనా. ముద్ద లేకపోతే మాట రాదని ఆయన అనేవాడు. ఉంటే ఆగదని మేము అనుకునేవాళ్ళం.

ఇక నీళ్ళ సంగతి. ఊరి చేదబావి నీళ్ళు మొదటి నించీ ఉప్పు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు ఆ ఉప్పు నీళ్ళు కూడా అడుగంటినాయి. ఎండిన వాగులో ఇసుక తోడితే చెలమలో కొంచెం కొంచెం ఊరేవి. ఆడవాళ్ళం పోయి, ఊరేదాకా కూర్చొని, గిన్నెతో ముంచి కడవ నింపుకొని తిరిగి వచ్చేసరికి మామ వక్కాకు ఒకటి అయిపోయేది. మా అత్త తిమ్మక్కకు పొద్దున ఒక తడవ, సాయంత్రం ఒక తడవ అదే పని. ఆ ఏడు ఆమెకు నడుము పట్టేసింది. రెండో కడవకు మనిషి కావాల్సి వచ్చి నన్ను బడి మాన్పించినారు. "బడి యాడికీ పోదులేమ్మా, ఆడే ఉంటాది" అన్నాడు మామ. నిజమే. బడి అక్కడే ఉండిపోయింది.

అందుకని ఊరికి కావాల్సింది ఒకటే. ఎండిన చెరువు లోపల, రాయి తగిలేదాకా లోతుగా తవ్విన మంచినీళ్ళ బావి. అర్జీలు పోయినాయి. అర్జీలు పోవడం వరకు మా ఊర్లో ఎప్పుడూ లోటు లేదు.

అప్పుడు హిందూపురం నించి పుల్లన్న వచ్చినాడు. అత్తకు చిన్నాయన కొడుకు, శెనక్కాయ నూనె మిల్లు ఆసామి. మా అరుగు మీద కూర్చొని సంగతి చెప్పినాడు.

"హైదరాబాదులో మంత్రి బంగళా ముందర నెల్లాళ్ళు నిలబడినా లోపలికి పంపరప్పా. పంపినా కూచోనీరు. కూచోనిచ్చినా నువ్వు నోరు తెరిచే లోపల ఆయన లేచి పోతాడు. ఈ శుక్రవారం ఆయన బెంగుళూరు నించి విమానంలో పోతాండాడంట. నీకు టికెట్టు నేను తీసిస్తా. పక్కన కూచో. ఆకాశంలో యాడికి లేచి పోతాడు? దిగేదాకా నీ మాట వినాల్సిందే."

"మంచి మాట చెప్పినావు పుల్లన్నా" అన్నాడు మామ, అప్పటికే ఆకు మడుస్తూ.

"బావి అడుగు. అట్నే నా లారీలు తిరిగేదానికి రోడ్డు కూడా ఒక మాట వెయ్యి" అన్నాడు పుల్లన్న. ఆయన ధర్మానికి కూడా ఇరుసు ఉంటుంది, అందులో ఆయన నూనే పోస్తాడు.

అంతా బాగుంది గాని, మంత్రి ఎంతసేపు చేతికి దొరుకుతాడనేది తేలలేదు. అది తేలాలంటే బెంగుళూరుకూ హైదరాబాదుకూ మధ్య విమానం ఎంతసేపు పోతుందో తెలియాల. వెంకటేశులు అయ్యవారు బడిలో నించి పటం తెచ్చి అరుగు మీద పరిచినాడు. బెంగుళూరు మీద ఒక వేలు, హైదరాబాదు మీద ఒక వేలు పెట్టి మధ్యలో దారం లాగినాడు.

"రోడ్డు దూరం వేరే, గాలి దూరం వేరే. విమానానికి గుత్తి లేదు, గుంతకల్లు లేదు, టీకి ఆగేది లేదు. సూటిగా మూడు వందల మైళ్ళ పైచిలుకు. గంటన్నర పట్టొచ్చు. ఎదురుగాలి కొడితే ఇంకొంచెం."

"గంటన్నర అంటే ఎంతసేపు సామీ?" అని అడిగింది పక్కింటి హనుమక్క. ఆమె ఇంట్లో గడియారం లేదు. మా ఇంట్లో ఉంది గాని నడవదు.

"మీరు చెలమకు పోయి వచ్చేంత సేపు."

హనుమక్క పటం వైపు, వాగు వైపు ఒకసారి చూసింది. "అయితే హైదరాబాదు మన చెలమ అంత దూరమేనా! తెలీక ఇన్నేండ్లూ వాగుకు పోయినాం కదమ్మా. రేపటి నించి హైదరాబాదుకే పోదాం పాండి. ఆడ కొళాయిలు ఉండాయంట."

అందరూ నవ్వినారు. మామ నవ్వలేదు. ఆయనకు అందులో లెక్క దొరికింది. గంటన్నరంటే ఒక వక్కాకు. ఒక వక్కాకు సేపు ఆగకుండా మాట్లాడితే బావి వచ్చినట్లే. ఆయనకు ఇంతకంటే సులువైన పని దేవుడు కూడా చెప్పలేడు.

అయ్యవారు ఉపన్యాసం కట్టించినాడు. వల్లె వేసేదానికి మామ మాతో చెలమకు వచ్చినాడు. పోయేటప్పుడు కరువు చరిత్ర. చెలమ దగ్గర నీళ్ళు ఊరేదాకా, ఈ సీమ ఆడబిడ్డల కష్టం. తిరిగి వచ్చేటప్పుడు బావి. మా తలల మీద కడవలు, ఆయన నోట్లో మా కష్టం. ముందర చేతులు ఊపుకుంటూ, "అయ్యా మంత్రిగారూ, మా ఆడబిడ్డల నెత్తిన ఈ బరువు ఇంకెన్నాళ్ళు?" అని ఆయన గొంతు పెంచితే, వెనక నించి తిమ్మక్కత్త అనింది:

"ఏమయ్యా, మంత్రి వచ్చేదాకా ఈ చిన్న కడవన్నా పట్టుకోరాదా?"

"వరస తప్పించొద్దుమే" అని ఆయన మళ్ళీ మొదటి నించి ఎత్తుకున్నాడు.

శుక్రవారం తెల్లవారుతూనే పోయినాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, కొత్త టువాలు. బస్సు ఎక్కినాక కిటికీలో నించి ఒకసారి ఎర్రగా ఊసి, మాకు చెయ్యి ఊపినాడు.

రెండు దినాలకు తిరిగి వచ్చినాడు. అరుగు నిండా జనం. మామ గోడకు ఆనుకొని, విమానం మాదిరి చెయ్యి లేపి, నిదానంగా మొదలుపెట్టినాడు.

"ముందుగా ఎక్కి కూచున్నా. పక్క సీటు మీద టువాలు వేసినా. చివరగా మంత్రి వచ్చినాడు. చూసినాడు. ఉండేది అదొక్కటే సీటు."

"విమానంలో టువాలు వేసినావా?" అన్నాడు అయ్యవారు.

"బస్సయితేనేమి, విమానమైతేనేమి, సీటు సీటే కదా. ఎక్కింది మొదలు దిగేదాకా మాట ఆగిందే లేదనుకో. నిమిషం సందు లేదు. పెనుకొండ కొండ దాటేటప్పుడు మన ఊరిని వేలు పెట్టి చూపించినా కూడా."

"మంత్రి ఏమన్నాడు?"

"నన్ను చూసి కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. భుజం తట్టినాడు. ఇంకేం కావాల?"

"బావి?"

"వస్తాది. ఇంగ చూడండి" అని, ఆయన ఆ ప్రయాణానికి కొలత కూడా చెప్పినాడు. "బెంగుళూరు నించి హైదరాబాదుకు సరిగ్గా ఒక వక్కాకు."

తరవాత జేబులో నించి తెల్లటి మందపాటి కాగితం సంచి ఒకటి తీసినాడు. ప్రతి సీటు ముందరా విమానం వాళ్ళు ఒక కానుక పెట్టినారట. తన కానుక ఆయన మడత చెడకుండా తెచ్చుకున్నాడు. ఆ రోజు నించి ఆకులూ వక్కా పొగాకూ అందులోనే. పెండ్లిండ్లలో దాన్ని తీసి నలుగురి మధ్యలో పెట్టుకునేవాడు. తనకల్లు దాకా ఉన్న చుట్టాలందరూ చేతికి తీసుకొని తిప్పి తిప్పి చూసినారు.

మర్నాడు అత్త చొక్కా ఉతకబోయి ఆగింది. లోపలి పక్క గుండెల దాకా ఎర్రగా దిగి ఉంది. టువాలు సగం అదే రంగు.

"ఇదేందయ్యా?"

"సూర్యుడికి అంత దగ్గరగా పోయినాం కదా. రంగు దిగుతాది" అన్నాడు మామ.

అత్త ఆ చొక్కాను బండ మీద మామూలు కంటే గట్టిగా బాదింది. ఆ నీళ్ళు కూడా మేము చెలమ నించి తెచ్చినవే.

బావి రాలేదు. ఆ ఏడు రాలేదు, మరు ఏడు రాలేదు. పైన ఎప్పుడైనా విమానం పోతే మామ నడుము మీద చెయ్యి పెట్టుకొని, "అదో, మనదే" అనేవాడు. "అందులో మన బావి మోసుకోని పోతాండారేమో, కిందికి దించమను బయ్యన్నా" అనేది హనుమక్క. విమానం బయ్యన్న అని పేరు పడింది. ఆ పేరుకు ఆయన సంతోషపడినాడు. ఏండ్లు పోయేకొద్దీ విమానంలో ఆయన మాటలు పెరిగినాయి. విమానం మాత్రం పాపం ఆ ఒక్క వక్కాకు దూరంలోనే అవన్నీ మోసేది.

అరవై ఏడో సంవత్సరం ఎన్నికలు వచ్చినాయి. అంతకు ముందు రెండేండ్లూ కరువు. చెలమ ఇంకా కిందికి పోయింది. అత్త వంగి నీళ్ళు తోడితే నేను పట్టుకొని పైకి లేపాల్సి వచ్చేది. అంత కరువులోనూ ఓట్లు మాత్రం పండుతాయి కాబట్టి మంత్రిగారు జీపులో మా ఊరికి వచ్చినారు. అదే మంత్రి.

దండ వేసేది మామే. అంత పెద్ద పని కాబట్టి అప్పుడే ముద్ద పెట్టుకున్నాడు. కుడి చెంప నిమ్మకాయంత ఉబ్బి ఉంది. మంత్రి దండ వేయించుకొని, మామ ముఖం చూసి, ఒక్కసారిగా నవ్వు ముఖం పెట్టినాడు. మాట్లాడలేదు. తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, మామ గుండె మీద పెట్టినాడు, చెయ్యి చాపి విమానం లేచినట్లు చూపించినాడు. చెవి మీద రెండు వేళ్ళు పెట్టి, "వినపడుతుందా?" అన్నట్లు తల ఊపినాడు. మామ నోరు మూసుకొని తల ఊపినాడు.

మంత్రి జనం వైపు తిరిగి, గొంతు బరువు చేసుకొని చెప్పినాడు.

"ఈయన మీ ఊరివాడని నాకు తెలియదు. బెంగుళూరు నుంచి హైదరాబాదు దాకా విమానంలో నా పక్కనే కూర్చున్నాడు. పాపం, దేవుడు నోరివ్వలేదు. ఏ ఊరప్పా అని అడిగితే వేలితో కిందికి చూపించినాడు. నాకు కండ్లనీళ్ళు వచ్చినాయి. మాటలు లేని మనిషి దగ్గర మనసు విప్పుకోవచ్చు. ఆ గంటన్నరా నేనే మాట్లాడినాను. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పని సంగతులు ఈయనకు చెప్పుకున్నాను."

మామ అబద్ధం చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు. ఎక్కింది మొదలు దిగేదాకా మాట ఆగలేదన్నాడు. ఎవరి మాటో చెప్పడం ఒక్కటే మరిచిపోయినాడు.

హనుమక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యవారు పైకి చూసినాడు. మామ అందరి వంకా చూసి, కడాన అత్త వంక చూసినాడు. ఐదేండ్లుగా బావి వస్తుందని కడవ మోసిన మనిషి ఆమె. ఆడవాళ్ళ గుంపులో నించి ముందుకు వచ్చింది.

"ఎవరు సామీ మూగోడు? ఈయనా? నోరు తప్ప ఇంకేం లేదు ఈయనకు. పొద్దు పొడిచింది మొదలు వాగుతానే ఉంటాడు. యాడ ఏం విన్నా నాలుగూర్లకు చెప్పి వస్తేగాని అన్నం దిగదు. కావాలంటే ఊర్లో ఎవుర్నన్నా అడుగు."

ఊరు ఊరంతా ఔననింది. ఒక్క మాట మీద ఊరు నిలబడింది ఆ ఒక్కసారే.

మంత్రి ముఖంలో రంగు దిగిపోయింది. "మాట్లాడతాడా?" అన్నాడు చిన్నగా. దండ కూడా తీయకుండా, మామ మోచెయ్యి పట్టుకొని మా ఇంటి వెనక కొట్టం దగ్గరికి తీసుకుపోయినాడు. అక్కడ ఎవరూ ఉండరని అనుకున్నాడు. వంటింటి కిటికీ అటువైపే. వచ్చినవాళ్ళకు మజ్జిగ కలుపుతూ నేను అక్కడే ఉన్నాను.

"చూడప్పా, ఆ పొద్దు నేను చెప్పినవి ఎవరికైనా చెప్పినావా?"

మామ లేదని తల ఊపినాడు. నోరు నిండిపోయి ఉంది. ఊసేద్దామంటే ముందర మంత్రి తెల్ల బట్టలు, ఒక పక్క గడ్డివామి, ఒక పక్క మంత్రి బిళ్ళబంట్రోతు.

"ఎన్నికలు ముందరున్నాయి. అవి బయటికి వస్తే నా పని అయిపోతుంది. నీకేం కావాలో చెప్పు."

మామ చెయ్యెత్తి వాగు వైపు చూపించినాడు.

"ఏంది? వాగా? నీళ్ళా? బావా?"

మామ గట్టిగా తల ఊపినాడు. ఊపేసరికి రసం పెదవి దాకా వచ్చింది. కారకుండా గడ్డం పైకెత్తి, కండ్లు మూసుకొని నిలబడినాడు. చూసేవాళ్ళకు అది మహా పొగరుగా ఉంది.

"చాలదా? రాతి కట్టడంతో తవ్విస్తా. గిలకలు వేయిస్తా."

గడ్డం ఇంకా పైకి పోయింది.

"ఈ నెల్లోనే మొదలుపెట్టిస్తానప్పా. ఇంకేం కావాల? రోడ్డా?"

మామకు ఇక ఆగలేదు. చేత్తో నోరు మూసుకొని, మంత్రిని అక్కడే వదిలేసి కొట్టం వెనక్కి పరుగెత్తినాడు. మాట కుదరక కోపంతో పోతున్నాడని మంత్రి అనుకున్నాడు.

"రోడ్డు కూడా!" అని వెనక నించి అరిచి, బిళ్ళబంట్రోతు వైపు తిరిగి, "పో, ఇంజనీరును పిలువు" అన్నాడు.

ఆ సాయంత్రం మామ అత్తకు నిజం చెప్పినాడు. బస్సులో మాదిరే కిటికీలో నించి ఊసేయొచ్చని ముద్ద పెట్టుకొని విమానం ఎక్కినాడట. కిటికీ పక్కనే కూర్చున్నాడు. ఆ కిటికీకి రెక్క లేదు, అద్దం తెరుచుకోదు. మంత్రి ముందర నోరు తెరిస్తే ఇద్దరి బట్టలూ పోతాయి. కొంత టువాలులోకి, కొంత చొక్కాలోకి, మిగిలింది కడుపులోకి. పొగాకు నీళ్ళు మింగితే తల తిరుగుతుంది, చెవులు గుయ్యిమంటాయి.

"అయితే మంత్రి చెప్పినవి ఏంటివి?" అనింది అత్త.

"ఆయన నోరు కదిలేది కనపడిందిమే. ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు."

నెల తిరగకుండా బావి మొదలైంది. భయం మా అర్జీల కంటే చదువుకున్నదిలా ఉంది, ఎక్కడా ఆగకుండా పని చేసింది. నీళ్ళు పడిన నాడు హనుమక్క మామ నోటికి దిష్టి తీసింది. రోడ్డు కూడా పడింది. పుల్లన్న లారీలు తిరుగుతున్నాయి. ఆయన మాత్రం బయ్యన్న మాట నేర్పు గురించి ఇప్పటికీ హిందూపురంలో చెప్తుంటాడు.

బావి కట్టించిన ఇంజనీరు ఒకరోజు మా అరుగు మీద మజ్జిగ తాగుతూ, మామ ఆకు సంచి చూసి గ్లాసు కింద పెట్టేసినాడు.

"ఇది విమానంలో ఇచ్చే సంచి కదా? కడుపులో తిప్పితే ఇందులో కక్కుకోమని పెడతారు. దీంట్లో ఆకులు పెట్టుకున్నావేంది పెద్దాయనా?"

మామ సంచిని అటూ ఇటూ తిప్పి చూసినాడు. ఆ గంటన్నరా అది ఆయన మోకాళ్ళ ముందరే ఉండింది.

"అంటే ఆ పొద్దు ఇందులో ఊసి ఉండొచ్చా?" అన్నాడు చివరికి.

"దానికోసమే కదా ఇచ్చేది."

అత్త బావి నించి కడవ ఎత్తుకొని వస్తూ ఆ మాట వినింది. నడుము మీద నించి కడవ దించి, ఊపిరి తీసుకొని అనింది:

"తెలీకపోయిందే మేలాయ. ఊసి ఉంటే నీ ఉపన్యాసం చెప్పి ఉంటావు. ఆయన చూద్దాంలే అని ఉంటాడు. మేము ఇంకా చెలమ కాడనే ఉందుము."

మామ ఏదో జవాబు చెప్పబోయి, ముందుగా ఆకు తీసినాడు. ఆయన దానికి సున్నం రాసే లోపల అత్త రెండో కడవ కూడా తెచ్చి పెట్టింది.